వజ్రం కొనబోతే అమ్మేవాళ్లు తీసిపారేస్తున్నారా? ఏ ప్రశ్నకి జవాబు రాలేదో ముందు చూడండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఉంగరం కోసం 1 క్యారట్ రౌండ్ వజ్రం చూస్తున్నారు. ఆన్‌లైన్‌లో ఒకటి నచ్చింది. జీఐఏ (వజ్రాలకి గ్రేడ్ ఇచ్చే అమెరికా సంస్థ) రిపోర్టు ఉంది, కట్ ఎక్సలెంట్. దగ్గర నుంచి తీసిన వీడియో, ఐడియల్ స్కోప్ ఫోటో (రాయిలోంచి కాంతి ఎలా తిరిగొస్తుందో చూపించేది) పంపమంటే అమ్మే ఆయన "ట్రిపుల్ ఎక్సలెంట్ రాయికి ఇవన్నీ ఎందుకండీ, ఇంటర్నెట్‌లో చదివి బుర్ర పాడుచేసుకోకండి" అన్నారు. రెండోసారి అడిగితే "ఈ రాయి రేపటికి ఉండదు" అన్నారు. అడ్వాన్స్ ఇంకా ఇవ్వలేదు. రాయి మంచిదైతే అమ్మే మనిషి ఎలా మాట్లాడితే నాకేంటి అని ఒక పక్క, ఇంత పెట్టి కొంటూ ఇలా మాట పడాలా అని ఇంకో పక్క నలుగుతున్నారు.

ముందే చెప్పేస్తాను. ఆ రాయిని ఇప్పుడే వదిలేయక్కర్లేదు. అలాగని మీరు అడిగినవి రాకుండా ముందుకీ వెళ్లకండి. నేను చాలా ఏళ్లు గ్రేడింగ్ బల్ల దగ్గరా, ఆ తర్వాత అమ్మకాల కౌంటర్ వెనకా పనిచేశాను. మీలాంటి వాళ్లు రెండు రకాలుగా నష్టపోవడం చూశాను. కొందరు మాట పడలేక మంచి రాయిని వదిలేసి, తియ్యగా మాట్లాడేవాళ్ల దగ్గర నాసిరకం కొన్నారు. ఇంకొందరు మొహమాటానికి పోయి, అడగాల్సింది అడక్కుండానే డబ్బు కట్టేశారు. అందుకే ఆయన మాట తీరునీ, ఆయన జవాబునీ విడివిడిగా చూడమంటాను. పెడసరంగా మాట్లాడినా అడిగిన ఫోటో పంపేవాళ్లతో వ్యాపారం చెయ్యొచ్చు. కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి, అడిగినది మాత్రం దాటవేసేవాళ్లతో చెయ్యలేం. మీ విషయంలో రెండూ కలిసి వచ్చాయి కాబట్టి చికాకుగా ఉంది, అది సహజమే.

అమ్మేవాళ్లు ఎందుకలా తీసిపారేస్తారో తెలిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఆన్‌లైన్‌లో ఇది అన్నిటికంటే ఎక్కువగా జరిగేది: ఆ రాయి ఆయన చేతిలో లేదు. వెబ్‌సైట్లలో కనిపించే వజ్రాల్లో చాలా భాగం ఆ షాపువాళ్ల సొంతం కాదు. హోల్‌సేల్ వ్యాపారుల దగ్గరున్న రాళ్ల జాబితాని పదిమంది అమ్మకందారులు తమ తమ సైట్లలో పెట్టుకుంటారు. రాయి వేరే దేశంలో ఎవరి లాకర్‌లోనో ఉంటుంది. మీరు ఆర్డర్ చేశాక వీళ్లు తెప్పించి మీకు ఇస్తారు. ఇందులో మోసమేమీ లేదు, వ్యాపారం నడిచే పద్ధతే అంత. కానీ ఐడియల్ స్కోప్ ఫోటో అడిగితే ఆయన ముందు ఆ హోల్‌సేలర్‌ని బతిమాలాలి, లేదా సొంత ఖర్చుతో రాయిని తెప్పించుకుని ఫోటో తీయాలి. "రాయి నా దగ్గర లేదండీ" అని చెప్పుకోవడం కంటే "మీకు అవసరం లేదు" అనడం ఆయనకి తేలిక.

దీన్ని మీరే తేల్చుకోవచ్చు. రిపోర్టు నంబర్ తీసుకుని సెర్చ్ చేయండి. అదే రాయి ఇంకో రెండు మూడు సైట్లలో కనిపిస్తే అది ఉమ్మడి జాబితాలోదని అర్థం. అప్పుడు మీ పని సులువైనట్టే. అదే వజ్రాన్ని, ఇంకాస్త ఓపికగా సమాధానమిచ్చే అమ్మకందారు ద్వారా తెప్పించుకోవచ్చు. ఒక్కోసారి ఆ రెండో సైట్‌లో మీరు అడుగుతున్న వీడియో అప్పటికే పెట్టి ఉంటుంది. ఈయనతో వాదించాల్సిన పనే ఉండదు. వీలైతే ఈ రోజే చేయాల్సిన పని ఇది.

రెండో కారణం తెలియకపోవడం. కౌంటర్‌లో ఉండే అందరూ గ్రేడింగ్ నేర్చుకున్నవాళ్లు కారు. నాలుగు "సీ"లు, అంటే క్యారట్, కలర్, క్లారిటీ, కట్, వీటి గురించి రెండు పేజీల శిక్షణతో నిలబడేవాళ్లు చాలామంది. పెవిలియన్ కోణం (రాయి కింది భాగం వాలు) ఎంత అని అడిగితే వాళ్లు నీళ్లు నములుతారు. తెలియదని ఒప్పుకోవడం ఇష్టంలేక మీ ప్రశ్ననే చిన్నది చేసి మాట్లాడతారు. ఇలాంటి చోట "ఈ సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే ఒకసారి మాట్లాడించండి" అంటే చాలు. మంచి సంస్థల్లో అలాంటి మనిషి లోపల ఒకరైనా ఉంటారు. మూడో కారణం విసుగు: ఇరవై రాళ్లకి ఫోటోలు తెప్పించుకుని, ఆఖరికి మాట కూడా చెప్పకుండా మాయమైపోయే కొనుగోలుదారులు చాలామంది ఉన్నారు. ఆ కోపం మీ మీదకి మళ్లుతుంది. నాలుగోది, నిజంగానే దాచాల్సింది ఉండడం. ఈ నాలుగూ బయటికి ఒకేలా వినిపిస్తాయి, మాటని బట్టి ఏది ఏదో చెప్పలేం. అడిగే ప్రశ్నని సరిగ్గా బిగిస్తేనే తేలుతుంది.

ఇక ఆయన అన్న మాటకొద్దాం. "ఎక్సలెంట్ అంటే ఎక్సలెంటే, ఇంకేం చూస్తారు?" ఇది నిజం కాదు. ఎందుకు కాదో వివరంగా చెప్పాలి, ఎందుకంటే రౌండ్ వజ్రం అందమంతా ఇక్కడే ఉంది.

జీఐఏ వజ్రాల గ్రేడింగ్ రిపోర్టులు 1955 నుంచి ఇస్తోంది. కానీ కట్‌కి గ్రేడ్ ఇవ్వడం మొదలుపెట్టింది 2006లో, అదీ రౌండ్ బ్రిలియంట్ ఆకారానికి మాత్రమే. ఆ గ్రేడ్లలో అన్నిటికంటే పైనున్న ఎక్సలెంట్ చాలా వెడల్పైన గది. రాయి పైభాగం వాలుని క్రౌన్ కోణం అంటారు, కింది కొన వైపు వాలుని పెవిలియన్ కోణం అంటారు. ఈ రెండూ ఒకదానికొకటి కుదరాలి. మార్సెల్ టోల్కోవ్‌స్కీ 1919లోనే లెక్కగట్టి క్రౌన్ సుమారు 34.5 డిగ్రీలు, పెవిలియన్ 40.75 డిగ్రీలు ఉంటే కాంతి బాగా తిరిగొస్తుందని చెప్పాడు. ఇప్పటికీ మంచి కటింగ్ చేసేవాళ్లు ఆ చుట్టుపక్కలే తిరుగుతారు. పెవిలియన్ కోణం కొంచెం పెరిగితే క్రౌన్ కోణం కొంచెం తగ్గి సర్దుకోవాలి. రెండూ ఒకేసారి పెరిగితే పైనుంచి వచ్చిన కాంతిలో కొంత కంటికి తిరిగిరాకుండా అడుగు నుంచి జారిపోతుంది.

పక్కపక్కన రెండు రాళ్లు పెట్టుకుని చూడండి. మొదటిదానికి టేబుల్, అంటే పైనుండే పెద్ద ముఖం, రాయి వెడల్పులో 56 శాతం, క్రౌన్ 34.5, పెవిలియన్ 40.8, మొత్తం లోతు 61.8 శాతం. రెండోదానికి టేబుల్ 57, క్రౌన్ 35.5, పెవిలియన్ 41.2, లోతు 62.8. రెండూ 1.01 క్యారట్, రెండింటికీ ఎక్సలెంట్ అనే వస్తుంది. వ్యాసంలో తేడా మిల్లీమీటర్‌లో పదో వంతు లోపే, దాన్ని కన్ను పట్టుకోదు. తేడా పట్టుబడేది కాంతిలో. షాపు స్పాట్‌లైట్ కింద రెండూ ధగధగలాడతాయి. మామూలు గదిలోకి వచ్చాక రెండోదాన్ని చూస్తే, టేబుల్‌కి అడుగున ఒక మసక వలయం కనిపించొచ్చు. మధ్యలో మెరుపు ఉంటుంది, అంచుల్లో ఉంటుంది, ఆ రెండింటి నడుమ ఉంగరం లాంటి భాగం మాత్రం చప్పగా ఉంటుంది. వేలికి పెట్టుకుని రోజూ చూసుకునేది ఆ గది వెలుతురులోనే.

రిపోర్టులో అంకెలు ఉన్నాయి కదా, అవి చూసుకుంటే చాలదా అని మీకు అనిపిస్తుంది. కొంతవరకే చాలుతుంది. జీఐఏ రిపోర్టు మీద క్రౌన్ కోణాన్ని దగ్గరలోని అర డిగ్రీకి, పెవిలియన్ కోణాన్ని దగ్గరలోని 0.2 డిగ్రీకి సర్ది వేస్తారు. అదీ ఎనిమిది ముఖాల సగటు. ఒక ముఖం ఎక్కువ, ఇంకోటి తక్కువ వాలి ఉన్నా సగటు అందంగానే వస్తుంది. అందుకే మీరడిగిన ఐడియల్ స్కోప్ ఫోటో అనవసరమైన కోరిక కాదు. అది ఎర్రటి గొట్టం లాంటి చిన్న పరికరం. అందులోంచి చూస్తే కాంతి తిరిగొస్తున్న చోటంతా ఎరుపుగా, కాంతి జారిపోతున్న చోట తెల్లగా లేదా లేత గులాబీగా కనిపిస్తుంది. మధ్యలో నల్లటి బాణాల ఆకారం ఉంటే భయపడకండి, రౌండ్ రాయిలో అది ఉండాల్సిందే, మెరుపుకి నలుపు తెలుపుల తేడా అక్కడి నుంచే వస్తుంది. మీరు వెతకాల్సింది టేబుల్ చుట్టూ తెల్లటి వలయం ఉందా లేదా అని. ఒక్క ఫోటోతో తేలిపోయే విషయం ఇది.

కాబట్టి "ట్రిపుల్ ఎక్సలెంట్" అన్న మాటకి ఎంత బరువు ఇవ్వాలో ఇప్పుడు మీకే తెలుస్తుంది. అందులో మిగతా రెండు ఎక్సలెంట్‌లు పాలిష్, సిమెట్రీ. అవి పనితనపు శుభ్రతని చెబుతాయి. కాంతి ఎలా తిరిగొస్తుందో అవి చెప్పవు. ఓవల్, పియర్, కుషన్ లాంటి ఆకారాలకైతే జీఐఏ కట్ గ్రేడే ఇవ్వదు. ఓవల్‌ని "ఎక్సలెంట్ కట్, జీఐఏ సర్టిఫైడ్" అని ఎవరైనా అంటే, ఆ ఎక్సలెంట్ పాలిష్‌దో సిమెట్రీదో అయి ఉండాలి. ఓవల్, మార్కీజ్, పియర్ రాళ్లలో మధ్యన బో టై ఆకారంలో నల్లటి నీడ ఎంత ఉందనేది వీడియోలో చూస్తే తప్ప తెలియదు. అలాంటి రాయికి వీడియో ఇవ్వనంటే ఇక ఆలోచించకుండా లేచి రావచ్చు.

క్లారిటీ దగ్గర కూడా ఇలాంటి మాట ఒకటి వింటారు: "మచ్చ కంటికి కనిపించదండీ, నాదీ గ్యారంటీ." గ్రేడ్ వేసేది 10 రెట్లు పెద్దది చేసి చూపించే లూప్‌తో. వీఎస్2, ఎస్ఐ1 (క్లారిటీలో మధ్యస్థ గ్రేడ్లు) రాళ్లు చాలావరకు మామూలు కంటికి శుభ్రంగానే ఉంటాయి, ఆ మాట నిజమే. కానీ ఎవరి కంటికి, ఎంత దూరం నుంచి? "సుమారు 20 సెంటీమీటర్ల దూరం నుంచి, పైనుంచి చూసినా పక్క నుంచి చూసినా కనిపించదా?" అని అడగండి. "పైనుంచి కనిపించదు, పక్క నుంచి వంచి చూస్తే ఒక తెల్ల చుక్క ఉంది" అన్నారనుకోండి, అది రాయిని నిజంగా చూసిన మనిషి చెప్పే జవాబు. అలాంటివాళ్లని పట్టుకోండి. రిపోర్టులో చివర ఉండే కామెంట్స్ వరస కూడా చదవండి. గ్రేడ్‌కి కారణం రిపోర్టులోని మచ్చల పటంలో చూపించని క్లౌడ్‌లు అని రాసి ఉంటే, ముఖ్యంగా ఎస్ఐ రాళ్లలో, జాగ్రత్త పడాలి. క్లౌడ్ అంటే అతి సూక్ష్మమైన చుక్కల గుంపు. కొన్నిసార్లు అది రాయంతా పరుచుకుని మెరుపుని మసకబారుస్తుంది. విడిగా ఒక్క మచ్చా కనిపించదు కాబట్టి "ఐ క్లీన్" అనే అమ్ముతారు, రాయి మాత్రం పాలుపోసినట్టు ఉంటుంది. ఈ మాట ఎత్తగానే అమ్మేవాళ్లు చిరాకుపడితే నేనైతే ఆ రాయి మీద ఆశ వదిలేస్తాను.

అయితే అమ్మేవాళ్లు తీసిపారేసిన ప్రతిసారీ వాళ్లది తప్పని కూడా అనుకోకండి. ఫ్లోరసెన్స్ సంగతే చూడండి. అతినీలలోహిత కాంతి కింద కొన్ని వజ్రాలు నీలంగా వెలుగుతాయి. రిపోర్టులో ఫెయింట్, మీడియం, స్ట్రాంగ్ అని ఉంటుంది. ఇది పెద్ద లోపమని చాలామంది భయపడతారు. జీఐఏ 1997లో ప్రచురించిన పరిశీలనలో మామూలు మనుషులు ఆ తేడాని దాదాపు గుర్తించలేకపోయారు. గట్టి నీలి ఫ్లోరసెన్స్ ఉన్న రాళ్లు పైనుంచి చూసినప్పుడు కొంచెం తెల్లగా కూడా కనిపించాయి. కాబట్టి మీడియం ఫ్లోరసెన్స్ ఉన్న జి కలర్ (దాదాపు రంగులేని) రాయి గురించి ఆందోళన పడుతుంటే "దాంతో ఏమీ కాదండీ" అన్న మనిషి చాలావరకు సరిగ్గానే చెప్పినట్టు. కొద్ది రాళ్లు మాత్రం ఎండలో మసకగా అవుతాయి. మంచి అమ్మకందారు "ఏమీ కాదు" దగ్గర ఆగడు, "ఎండలో పెట్టి చూశాను, మసక లేదు, మీరూ చూసుకోండి" అంటాడు.

అలాగే కొనేవాళ్ల వైపు నుంచి అతి కూడా ఉంటుంది. పెవిలియన్ 40.8 ఉన్న రాయిని 40.6 కావాలని తిప్పి పంపడం, ఇంటర్నల్లీ ఫ్లాలెస్ (లోపల మచ్చ లేని) గ్రేడ్ తీసుకుని కూడా ఇంకా లూప్‌తో మచ్చలు వెతకడం, ఒకేసారి పదిహేను రాళ్లకి వీడియోలు అడగడం. ఇలా చేస్తే ఎంత ఓపిక ఉన్నవాళ్లయినా విసుక్కుంటారు. అంకెలు చూసి మూడు రాళ్లకి కుదించుకుని, వాటికే ఫోటోలు అడగండి. "ఈ మూడింటిలో ఒకటి తీసుకుందామనుకుంటున్నాను" అని మొదటి వాక్యంలోనే రాస్తే అవతలివాళ్ల ధోరణి మారిపోవడం నేను చాలాసార్లు చూశాను.

"రేపటికి ఉండదు" అన్న మాట గురించి. ఉమ్మడి జాబితాలో ఉన్న రాయిని ఇంకొకరు కొనుక్కోవడం జరిగేదే, అది పచ్చి అబద్ధమేమీ కాదు. కానీ 1 క్యారట్ రౌండ్, మామూలు కలర్, మామూలు క్లారిటీ అనేది అరుదైన సరుకు కాదు. ఈ రోజు పోతే అలాంటిదే ఇంకోటి దొరుకుతుంది. తొందరకి అర్థం ఉండేది పాతకాలపు చేతి కటింగ్ రాళ్లకీ, సహజమైన రంగు వజ్రాలకీ, ఒకదానికొకటి సరిపోయే జతలకీ. మీ రాయికి అంత తొందర లేదు. "నిజంగా తీసుకునే ఉద్దేశంతోనే ఉన్నాను, రెండు రోజులు హోల్డ్‌లో పెట్టగలరా?" అని అడగండి. హోల్డ్‌లో పెట్టడం ఈ వ్యాపారంలో మామూలే. రాయి చేతిలో ఉన్నవాళ్లకి అది చిటికెలో పని, లేనివాళ్లు కూడా హోల్‌సేలర్‌ని అడిగి చెప్పగలరు. అదీ కుదరదు, ఫోటో కూడా రాదు, డబ్బు మాత్రం ఇప్పుడే కావాలి అంటే ఆ తొందర ఎవరిదో మీకే అర్థమవుతుంది.

ఇంకో చిట్కా, ఇక్కడే చెప్పేస్తాను. సరిగ్గా 1.00 దగ్గర ఆగిన రాళ్లని కాస్త అనుమానంగా చూడండి. 0.50, 0.70, 0.90, 1.00 లాంటి గీతలు దాటగానే క్యారట్ ధర ఎగబాకుతుంది. ఆ గీత దాటించడానికి కటింగ్‌లో బరువుని గర్డిల్ (రాయి నడుము అంచు) దగ్గరో లోతులోనో ఉంచేస్తారు. మీరు చెల్లించిన బరువు పైనుంచి కనిపించదు. 0.95 క్యారట్ రాయిని బాగా కట్ చేస్తే అలాంటి 1 క్యారట్ రాయి పక్కన చిన్నదిగా ఏమీ కనిపించదు. చాలా చోట్ల బాగా మెరుస్తుంది కూడా. "1 క్యారట్ కంటే తక్కువైతే ఎవరూ తీసుకోరండీ" అన్న మాట కూడా తీసిపారేయడమే. మీ వేలికి ఎవరి అంగీకారమూ అక్కర్లేదు.

షాపుకి వెళ్లి చూసేటప్పుడు తీసిపారేయడం ఇంకో రూపంలో వస్తుంది. కొందరు మీ బట్టల్ని చూసి చౌక ట్రే బయటికి తీస్తారు. కొందరు కొనేది మీరైనా మీ పక్కనున్నవాళ్లతోనే మాట్లాడతారు. లూప్ అడిగితే "దాంతో మీకేం తెలుస్తుంది" అంటారు. బాధగానే ఉంటుంది, కానీ అక్కడ గెలవాల్సిన వాదన ఏమీ లేదు. రెండే అడగండి. ఒకటి, రాయిని శుభ్రంగా తుడిపించండి. వజ్రానికి నూనె జిడ్డు ఇట్టే అంటుకుంటుంది, నలుగురి వేళ్లు తగిలిన రాయి ఎంత మంచిదైనా చప్పగానే ఉంటుంది. రెండు, దాన్ని స్పాట్‌లైట్ల నుంచి పక్కకి తీసుకొచ్చి చూపించమనండి. కిటికీ దగ్గర నీడలో, లేదా మామూలు దీపం కింద, మీ చేతి నీడ పడేలా పట్టుకుని అటూ ఇటూ వంచండి. బాగా కట్ అయిన రాయి ఆ మసక వెలుతురులో కూడా బతికే ఉంటుంది. పెద్ద పెద్ద మెరుపులు నెమ్మదిగా కదులుతాయి. అంత బాగా కట్ కాని రాయి అక్కడ బూడిదరంగు గాజులా అయిపోతుంది. ఇంకో రాయిని పక్కన పెట్టించుకుంటే తేడా తెలియడానికి ఏ చదువూ అక్కర్లేదు. ఈ రెండు కోరికలూ ఒక్క నిమిషం పని. వాటికీ కుదరదన్న చోట ఆగడం దండగ.

"మా మీద నమ్మకం లేదా?" అని అడిగే సందర్భం ఇంకొకటి ఉంది. చాలా వజ్రాల గర్డిల్ మీద, అంటే నడుము అంచు మీద, రిపోర్టు నంబర్‌ని లేజర్‌తో చెక్కుతారు. అన్నిటికీ ఉండదు, ఉంటే ఆ సంగతి రిపోర్టులో రాసి ఉంటుంది. కొనేముందు ఒకసారి, ఉంగరంలో బిగించాక మరోసారి ఆ నంబర్‌ని లూప్‌లో చూపించమనండి. నంబర్‌ని ల్యాబ్ వెబ్‌సైట్‌లో కొట్టి, అక్కడి కొలతలూ గ్రేడ్లూ చేతిలోని కాగితంతో సరిపోయాయో చూసుకోండి. నంబర్ లేకపోతే క్లారిటీ పటంలో ఉన్న ఒక ముఖ్యమైన మచ్చ ఏ వైపు ఉందో గుర్తుపెట్టుకోండి, బిగించాక అది అక్కడే ఉందా చూడండి. నమ్మకం ఉన్నా లేకపోయినా చేయాల్సిన పనే ఇది. నేను కౌంటర్ వెనక ఉన్నప్పుడు ఇది అడిగినవాళ్ల మీద నాకు గౌరవం పెరిగేది, ఎందుకంటే తర్వాత "ఇది మేం కొన్న రాయి కాదు" అన్న గొడవ రాదు.

మీరు ల్యాబ్ గ్రోన్ (ల్యాబ్‌లో తయారైన వజ్రం) గురించి కూడా ఆలోచిస్తున్నట్టు రాశారు, దాన్ని అడిగితే ఆయన నవ్వారన్నారు. ల్యాబ్ గ్రోన్ కూడా వజ్రమే, సీవీడీ లేదా హెచ్‌పీహెచ్‌టీ పద్ధతిలో తయారుచేస్తారు. కంటితో గానీ, చేతిలో పట్టుకునే మామూలు డైమండ్ టెస్టర్‌తో గానీ సహజ వజ్రం నుంచి వేరుచేయలేం, దానికి ప్రత్యేకమైన పరికరాలు కావాలి. అందుకే ఏది కొన్నా రిపోర్టూ, బిల్లు మీద ఏ రకమో స్పష్టంగా రాయించుకోవడమూ తప్పనిసరి. ధరలు బాగా తగ్గుతూ వచ్చాయి, తిరిగి అమ్మితే పెద్దగా రాదు. అది తెలిసి తీసుకుంటే తప్పేం లేదు. 2025 అక్టోబర్ నుంచి జీఐఏ ల్యాబ్ గ్రోన్ రాళ్లకి డి, ఇ, ఎఫ్ లాంటి కలర్ గ్రేడ్లు ఆపేసి ప్రీమియం, స్టాండర్డ్ అనే రెండు తరగతులే ఇస్తోంది. కాబట్టి పాత రిపోర్టుతో కొత్త రిపోర్టుని పోల్చేటప్పుడు చూసుకోండి. సహజ వజ్రాన్ని "ఇన్వెస్ట్‌మెంట్" అని అమ్మేవాళ్ల మాట కూడా నమ్మకండి. బంగారానికి ఉన్నట్టు వజ్రానికి రోజువారీ ఒకే ధర ఉండదు, కొన్న ధరకీ అమ్మే ధరకీ మధ్య పెద్ద గండి ఉంటుంది. ఇష్టంతో పెట్టుకోవడానికి కొనండి.

ఇప్పుడు ఆయనకి ఏం రాయాలో చెబుతాను. ఫోన్‌లో వద్దు, రాతలోనే అడగండి. నోటిమాటకి రేపు రుజువు ఉండదు, పైగా రాతలో అడిగితే మీ గొంతులో చిరాకు వినబడదు. ఇలా రాయొచ్చు:

"నమస్కారం అండీ. ఈ రిపోర్టు నంబర్ రాయి మీదే నా మొగ్గు. నిర్ణయం తీసుకునే ముందు నాలుగు విషయాలు కావాలి. రాయి ప్రస్తుతం మీ దగ్గరే ఉందా, వేరేచోట ఉందా? మామూలు వెలుతురులో తీసిన వీడియో, ఐడియల్ స్కోప్ ఫోటో ఒకటి పంపగలరా? రాయిని చూసినవాళ్లు దానిలో గోధుమ, ఆకుపచ్చ ఛాయ గానీ పాలలాంటి మసక గానీ లేదని చెప్పగలరా? చేతికి వచ్చాక నచ్చకపోతే ఎన్ని రోజుల్లో వెనక్కి పంపొచ్చు, డబ్బు పూర్తిగా తిరిగిస్తారా లేక మార్చుకోవడమేనా? ఇవి అందితే వెంటనే చెబుతాను."

మూడో ప్రశ్న కొంచెం వివరించాలి. గోధుమ ఛాయ, ఆకుపచ్చ ఛాయ, పాలమసక, ఈ మూడింటి గురించీ రిపోర్టులో సాధారణంగా రాయరు. జి కలర్ అంటే రంగు ఎంత తక్కువ ఉందో చెబుతుంది, ఉన్న ఆ కాస్త రంగు పసుపా గోధుమా అన్నది చెప్పదు. వజ్రాల వ్యాపారులు తమలో తాము కొనుక్కునేటప్పుడు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి. మీరు దీన్ని అడిగారంటే ఎదుటివాళ్లకి మీ గురించి అంచనా మారుతుంది, "ఇంటర్నెట్‌లో చదివి" అన్న మాట మళ్లీ రాదు.

జవాబుల్ని ఇలా చదువుకోండి. "రాయి మా దగ్గర లేదు, ఫోటోకి మూడు రోజులు పడుతుంది" అని వస్తే ఎంత పొడిగా రాసినా మంచి జవాబే, ఆగండి. "ఐడియల్ స్కోప్ లేదు, ఫోన్‌తో తీసిన వీడియో ఇవ్వగలం" అన్నా సరే, ఆ వీడియోలో టేబుల్ కింద వలయం ఉందేమో చూడండి, పైగా వెనక్కి పంపే హక్కు గట్టిగా ఉంటే రాయిని తెప్పించుకుని స్వతంత్ర అప్రైజర్ (రాయిని పరీక్షించి విలువ కట్టే నిపుణుడు) చేత చూపించుకోవచ్చు. ఆ అప్రైజర్ వజ్రాలు అమ్మేవాళ్లు కాకుండా ఉండాలి, వాళ్లని మీరే వెతుక్కోవాలి. నాలుగు ప్రశ్నల్లో రెండింటికే జవాబిచ్చి మిగతావి వదిలేస్తే ఇంకొక్కసారి, ఆ రెండే అడగండి. పనుల ఒత్తిడిలో మనుషులు మర్చిపోతారు. రెండోసారి కూడా అదే ప్రశ్న దగ్గర దాటేస్తే అది మర్చిపోవడం కాదు. "మా కస్టమర్లు ఎవరూ ఇలా అడగరు" అన్నది జవాబు కిందకి రాదు, దానికి తిరిగి రాయనక్కర్లేదు.

వెనక్కి పంపే షరతుల దగ్గర మాత్రం అస్సలు మెత్తబడకండి. "మేం ఎప్పుడూ తీసుకుంటామండీ" అనే నోటిమాటలో రోజుల లెక్క ఉండదు, ఉంగరంలో బిగించాక కూడా తీసుకుంటారా అన్నది ఉండదు, రవాణా ఖర్చు ఎవరిదన్నది ఉండదు. చాలాచోట్ల మీ కొలతకి చేయించిన ఉంగరాన్ని వెనక్కి తీసుకోరు. అందుకే ముందు రాయిని విడిగా తెప్పించుకోండి, చూపించుకోవాల్సిన చోట చూపించుకోండి, ఆ తర్వాతే బిగించమని చెప్పండి. అప్రైజర్లకి కూడా విడి రాయిని చూడడమే సులువు, బిగించాక గర్డిల్ సగం కనబడదు, బరువు తూచడం కుదరదు, రంగు కూడా లోహం వల్ల మారినట్టుంటుంది.

మీ విషయంలో నేనైతే ఈ వరసలో వెళతాను. ఈ రోజు రిపోర్టు నంబర్ సెర్చ్ చేస్తాను. వేరేచోట వీడియోతో సహా దొరికితే అక్కడే అడుగుతాను, ఈయనకి "ధన్యవాదాలు, వేరేచోట చూస్తున్నాను" అని ఒక్క ముక్క రాసి వదిలేస్తాను. దొరక్కపోతే పై సందేశం పంపి రెండు మూడు రోజులు ఆగుతాను. ఆ లోపు రిపోర్టులో క్రౌన్, పెవిలియన్ అంకెలు చూసుకుంటాను. క్రౌన్ 34, 35 డిగ్రీల మధ్య, పెవిలియన్ 40.6, 41 మధ్య ఉంటే ఆ రాయి కోసం ఇంకాస్త ఓపిక పట్టొచ్చు. రెండూ పైకి ఎగబాకి ఉంటే ఫోటో కోసం కూడా ఎదురుచూడను, అదే కలర్, అదే క్లారిటీలో ఇంకో రాయి వెతుక్కుంటాను. అడ్వాన్స్ అడిగితే, వెనక్కిచ్చే షరతు రాతలో వచ్చాకే ఇస్తానని చెబుతాను.